తిరిగి కొట్టని ప్రత్యర్థి

అబూజ్‌మాడ్ అనగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది ఎన్‌కౌంటర్. 2025 మే నెలలో మావోయిస్టు అగ్రనేత, మన శ్రీకాకుళం వాడైన నంబాళ్ల కేశవరావు చనిపోయింది ఆ అడవిలోనే. ఆ అడవి ఉన్న నారాయణపూర్ జిల్లా పేరు 2023 నవంబరులో మరో సంగతికి వినిపించింది. అక్కడి ఆదివాసీ పిల్లల బృందం ‘ఇండియాస్ గాట్ టాలెంట్’ పదో సీజన్ గెలిచి, ఇరవై లక్షల రూపాయల బహుమతి అందుకుంది. వాళ్ల విద్య మల్లఖంబం, అంటే స్తంభం మీద చేసే కసరత్తు. నేర్పిన గురువు మనోజ్ ప్రసాద్, ఛత్తీస్‌గఢ్ పోలీసు దళంలో జవాను.

టీవీలో చూసినవాళ్లకి అది సర్కస్‌లా కనిపించి ఉంటుంది. నిప్పులు, దీపాలు, వెనక దద్దరిల్లే సంగీతం పక్కన పెట్టి చూస్తే అది కుస్తీవాళ్ల సాధన. పేరులోనే మల్లుడు ఉన్నాడు. పన్నెండో శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి ‘మానసోల్లాసం’లోనే స్తంభం మీద మల్లుల కసరత్తు ప్రస్తావన ఉంది. తర్వాతి కథలో మన హైదరాబాదు కూడా ఉంది. నిజాం ఆస్థానానికి చెందిన అలీ, గులాబ్ అనే వస్తాదులు పుణె వెళ్లి, పీష్వా రెండో బాజీరావు కొలువులో సవాలు విసిరారట. బాలంభట్ట దాదా దేవ్‌ధర్ అనే యువకుడు గడువు అడిగి, సప్తశృంగి అమ్మవారిని కొలిచాడనీ, కలలో హనుమంతుడు కనిపించి స్తంభం మీద పట్లు నేర్పాడనీ, తిరిగొచ్చి అలీని చిత్తు చేశాడనీ చెప్పుకుంటారు. కల సంగతి ఎలా ఉన్నా, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈ విద్యకు మళ్లీ ప్రాణం పోసింది బాలంభట్టే.

ఇక స్తంభం సంగతి. టేకు గానీ శీషం గానీ, నున్నగా చెక్కి నేలలో పాతుతారు. అడుగున చుట్టుకొలత సుమారు 55 సెంటీమీటర్లు, పైకి పోయేకొద్దీ సన్నబడి, మెడ మీద చిన్న బుడిపె. దానికి ఆముదం రాస్తారు. పట్టు కోసం పొడి రాయాల్సిన చోట నూనె ఏమిటనిపిస్తుంది. పొడి కర్ర మీద ఒళ్లు రాసుకుంటే తోలు లేచిపోతుంది. అయితే నూనె మరీ ఎక్కువైతే జారిపడటమే. ఎంత చాలునన్నది ఏ పుస్తకం చెప్పేదీ కాదు, చేత్తో తడిమితే తెలియాలి.

ఈ స్తంభం నిలబెట్టిన ప్రత్యర్థి. అడుగుభాగం వాడి నడుము, సన్నటి భాగం మెడ, పైన తల. మొదట నేర్పే ‘అఢీ’లో చేతులతో స్తంభాన్ని పట్టుకుని, ఒళ్లు తలకిందులు చేసి, రెండు తొడల మధ్య దాన్ని బిగిస్తారు. ‘బగలీ’లో పని చంకది. గోదాలో మనిషి మెడను చంకలో ఇరికించే పట్టు ఇదే, ఒక్క తేడా ఏమిటంటే ఈ ప్రత్యర్థి తిరిగి కొట్టడు, అలిసిపోడు, జాలిపడడు. వాడి మీద వందసార్లు తప్పు చేసినా ఎముక విరగ్గొట్టడు, పట్టు సడలితే మాత్రం నేలకు దించేస్తాడు. స్తంభానికి బదులు తాడు మీద చేసే మల్లఖంబమూ ఉంది; అందులో తాడుకి ముడి వేయరు, కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య బిగించి పైకి ఎగబాకాలి.

ఆత్మరక్షణ పేరుతో మన ఊళ్లలో వేసవి సెలవుల్లో జరిగే శిక్షణల్లో పది దెబ్బలు నేర్పి ధ్రువపత్రం ఇస్తారు. అవి పనికిరావని అనను. కానీ ఎవడో మణికట్టు పట్టి లాగినప్పుడు ముందు అక్కరకొచ్చేది దెబ్బ కాదు. తన బరువు ఎక్కడుందో తెలియడం, ఏ భాగంతోనైనా పట్టు దొరకబుచ్చుకోవడం, పడేటప్పుడు తలను కాచుకోవడం. తలకిందులై నూనె కర్రను తొడలతో పట్టుకుని, రెండు చేతులూ వదిలేసిన పిల్లకి ఇవి ఒంటబట్టి ఉంటాయి. అందుకే దీన్ని వ్యాయామం అని తోసేయలేను.

నారాయణపూర్ పిల్లల గురించి రాసేవాళ్లు తరచూ ‘అడవిబిడ్డలు కదా, చెట్లెక్కడం పుట్టుకతోనే వస్తుంది’ అంటారు. ఈ మాట నాకు నచ్చదు. పొగుడుతున్నట్టే ఉండి, పిల్లల కష్టాన్నీ గురువు కష్టాన్నీ ఒకేసారి కొట్టేస్తుంది. చెట్టుకి కొమ్మలుంటాయి, బెరడు గరుకుగా ఉంటుంది. నూనె రాసిన స్తంభం మీద శీర్షాసనం ఏ అడవీ నేర్పదు. గురువు పోలీసు కావడం గురించి సందేహాలు రావడం సహజమే, యుద్ధం నడిచిన చోట యూనిఫాం ఏ మంచి పని చేసినా వెనక ఇంకేదో ఉందనిపిస్తుంది. పిల్లల ఒంట్లోకి చేరిన పట్టు మాత్రం ఏ శాఖా వెనక్కి తీసుకోగలిగేది కాదు.

జీవితమంతా ఈ విద్యకే ఇచ్చినవాళ్లు వేరేచోటా ఉన్నారు. ముంబయి దాదర్‌లోని సమర్థ వ్యాయామ మందిరంలో దశాబ్దాలుగా నేర్పుతున్న ఉదయ్ దేశ్‌పాండేకి 2024లో పద్మశ్రీ వచ్చింది. తొలి ప్రపంచ పోటీలు 2019లో ఆ ఊళ్లోనే, శివాజీ పార్కులో జరిగాయి. ఖేలో ఇండియా యువజన క్రీడల్లోకి మల్లఖంబం హర్యానాలో జరిగిన 2021 పోటీలతో వచ్చింది, అవి జరిగింది మాత్రం 2022లో. ఒకప్పుడు ఆడపిల్లలకు తాడే అనేవారు, స్తంభం మగపిల్లలది. ఇప్పుడు పోటీల్లో స్తంభం వాళ్లకీ ఉంది, నారాయణపూర్ బృందంలో ఆడపిల్లలూ ఎక్కుతున్నారు.