ఏ స్టీల్ ప్లాంటు?

గాజువాకలో పక్కింటి ఏడో తరగతి పిల్ల ఇంగ్లీషు నోటుబుక్కు చూసి ఈ వారం కాలమిస్టు మనసు చివుక్కుమంది. "మై ఫాదర్ వర్క్స్ ఇన్ ఎ స్టీల్ ప్లాంట్" అని రాసుకుంది. 'ఎ' మీద అవతలి పేజీకి దిగేంత గట్టిగా ఎర్రసిరా గీత, పైన 'ది'. ఎందుకో ఒక్క ముక్క లేదు. మొదటిసారి చెబితే 'ఎ', ఆ తర్వాత 'ది' అని బళ్లో నేర్పిన సూత్రాన్నే పాపం ఆ పిల్ల పాటించింది.

"ఏ స్టీల్ ప్లాంటమ్మా?" అని అడిగారాయన.

"ఏదేంటి తాతయ్యా, స్టీల్ ప్లాంటే!"

ఆ జవాబు వెనక పాతికేళ్లకు పైబడిన కథ ఉంది. 1966లో అది నిజంగానే 'ఎ స్టీల్ ప్లాంట్', ఎక్కడ పెడతారో తేలని ఒకానొక కర్మాగారం. ఆ అక్టోబరులో దాన్ని విశాఖలోనే పెట్టాలంటూ అమృతరావు అనే ఆయన నిరాహార దీక్షకు కూర్చున్నారు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ జనం రోడ్డెక్కారు, 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ప్లాంటు విశాఖకేనని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఇవాళ గాజువాకలో ఆటో ఎక్కి స్టీల్ ప్లాంట్ అంటే ఏదని అడిగేవాళ్లు లేరు. అందుకే ఇక్కడ 'ది'. అదే వాక్యం మన ఊరి సంగతి తెలియని ఢిల్లీవాళ్లకు రాస్తే 'ఎ' చక్కగా సరిపోతుంది. వినేవాళ్లకు అదేదో ముందే తెలుసా అన్నదే అసలు లెక్క.

తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టే మనకవి పట్టుబడవని ఈ కాలమ్ ఏళ్ల తరబడి వాదిస్తూ వచ్చింది. ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ఫిషింగ్ హార్బర్‌లో "జెట్టీ దగ్గర పడవ ఉంది" అంటే ఏదో ఒక పడవ. "పడవ జెట్టీ దగ్గర ఉంది" అంటే మనం వెతుకుతున్నదే. మాటల వరస మారితే చాలు. "పడవ కొన్నాడు", "పడవని అమ్మేశాడు" అన్నప్పుడు ఆ 'ని' చేసే పనీ అలాంటిదే. జెట్టీ వాక్యాలు రెండూ ఇంగ్లీషులో చెప్పమంటే ఆ పిల్ల మొదటిదానికి 'ఎ', రెండోదానికి 'ది' తడుముకోకుండా పెట్టేసింది.

పేర్ల దగ్గర మాత్రం ఈ కిటుకు పారదు. బే ఆఫ్ బెంగాల్‌కు 'ది' ఉండాలి, దాని ఒడ్డునే ఉన్న ఆర్కే బీచ్‌కు ఉండకూడదు. విశాఖపట్నానికి వద్దు, దాన్నే సిటీ ఆఫ్ డెస్టినీ అంటే కావాలి. వీటిని బట్టీ పట్టించాల్సిందే.