కొట్టాయన మీద ఎనిమిది నిమిషాల సినిమా

డాక్యుమెంటరీ తీయమంటే జర్నలిజం విద్యార్థులు ముందు పెద్ద సమస్య కోసం వెతుకుతారు. కాలుష్యం, కరువు, మురికివాడ. పైన డ్రోన్ షాటు, కింద విషాదంగా వేణువు. అనుభవమున్న మాస్టారైతే ‘మీ వీధి చివర కిరాణా కొట్టాయన మీద ఎనిమిది నిమిషాల సినిమా తీసుకురండి’ అంటారు. పిల్లలు నీరుగారిపోతారు. అక్కడేముంటుంది తీయడానికి?

ఫ్రెంచి దర్శకురాలు ఆన్యెస్ వార్దాకు ఆ అనుమానం రాలేదు. 1970ల మధ్యలో, పసివాడైన కొడుకును వదిలి దూరం వెళ్లలేని రోజుల్లో, ప్యారిస్‌లో తానుండే ర్యూ దగేర్ వీధిలోని కొట్లవాళ్ల మీదే ‘దగేరియోటైప్’ అనే చిత్రం తీసింది. తన ఇంటి కరెంటు పెట్టె నుంచి సుమారు 80 మీటర్ల తీగ లాగి, అది అందినంత మేరకే కెమెరా పెట్టింది. రొట్టెలవాడు, మాంసం కొట్టువాడు, దర్జీ, అత్తర్లు అమ్మే ముసలి దంపతులు. ఏ ఊరినుంచి వచ్చారు, మీ ఇద్దరికీ పరిచయం ఎలా అయింది, రాత్రిళ్లు ఏం కలలొస్తాయి అని అడిగింది. అయితే ఆ సినిమాలో నాకు విలువైనవిగా తోచేవి జవాబులకంటే, గిరాకీ కోసం ఊరికే ఎదురుచూసే నిమిషాలు.

మన పిల్లలు తప్పటడుగు వేసేది ఇక్కడే. వెళ్లగానే కొట్టాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాలరుకు మైకు తగిలిస్తారు. ఆయన ‘మా నాన్నగారు పెట్టిన కొట్టండీ, కష్టపడి పైకొచ్చాం’ అంటాడు. అబద్ధమేమీ కాదు, కానీ అది అందరికీ చెప్పే మాట. అదే మనిషి గల్లాపెట్టె వెనక నిలబడితే గిరాకీకో గొంతు మారుతుంది. చాక్లెట్టుకొచ్చిన పిల్లాడితో ఒకలా, పోయిన నెల బాకీ తీర్చకుండా మళ్లీ కందిపప్పు అడిగే ఆయనతో ఇంకోలా మాట్లాడతాడు. ‘రాసుకో బాబాయ్’ అని ఒకావిడ సంచీ ఎత్తుకుంటే, పలక్కుండా పద్దు పుస్తకం తీస్తాడు. తలెత్తి చూశాడా, లేదా? సినిమా అక్కడుంది. జీవిత చరిత్ర తీయాలనుకోకుండా బేరాన్ని తీయాలని నేననేది అందుకే.

కాబట్టి కొన్నాళ్లు కెమెరా లేకుండానే వెళ్లాలి. ఏదో ఒకటి కొని, పక్కన నిలబడి, కొట్టుకు ఏ వేళ ఏ తీరో తెలుసుకోవాలి. పొద్దున పాలప్యాకెట్ల హడావిడి, మధ్యాహ్నం కునుకు, జీతాలొచ్చిన వారంలో బాకీల వసూలు. తలుపు తీయగానే నీళ్లు చల్లి, అగరొత్తి తిప్పి, బోణీ డబ్బు కళ్లకద్దుకోవడం. ఈ చివరిది ‘ఇంకోసారి చేయండి’ అని అడగదగ్గ పని కాదు, ముందే సిద్ధంగా ఉండాలి. బోణీ ఫోన్‌లో జమై, డబ్బాలోంచి ఆడగొంతు అంకె చదివిన రోజున ఆయన దేనికి మొక్కుతాడో గమనించండి. నాకైతే ఆ ఒక్క షాటు కోసమే సినిమా తీయొచ్చనిపిస్తుంది.

ఇక పనిముట్ల సంగతి. కొట్టు లోపల చీకటి, బయట వీధిలో ఎండ. లోపల్నుంచి బయటికి తీస్తే మనిషి నల్లగా మాసిపోతాడు. కెమెరాను వీధి వైపు నుంచి లోపలికి తిప్పి పెట్టి, వెలుగు ఆయన ముఖం మీద పడనివ్వాలి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. దానివల్ల ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. ఫోన్‌ను సెకనుకు 25 ఫ్రేములకు, షట్టరును 1/50కి కట్టేస్తే తెర మీద చారలు పాకవు. ప్రతి షాటూ కనీసం పది సెకన్లు కదలకుండా ఉంచాలి. పొట్లం కట్టే చేతులు, పురికొస తెంపే వేళ్లు, త్రాసు ముల్లు విడివిడిగా దగ్గర్నుంచి తీసుకుంటే కూర్పులో ప్రాణం పోస్తాయి.

విద్యార్థి సినిమాలను ఎక్కువగా ముంచేది శబ్దం. ఫ్రిజ్ మోటారు మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. రెండు మాటలు అతికించిన చోట ఆ తేడా గతుకులా తెలిసిపోతుంది. ఆయన్నడిగి, మాట్లాడేంతసేపు దాన్ని ఆపించాలి. సౌండు రికార్డు చేసేవాళ్ల చిట్కా ఒకటుంది: బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టాలి. తాళం లేకుండా ఇంటికి పోలేం కనుక, మళ్లీ ఆన్ చేయడం మరిచి ఆయన పెరుగూ ఐస్‌క్రీములూ పాడుచేయం. ఎవరూ మాట్లాడని కొట్టు చప్పుడు ఒక అర నిమిషం విడిగా పట్టుకొస్తే, కోతల మధ్య సందులు అదే పూడుస్తుంది. ప్రశ్న మన గొంతులో వినపడకూడదనుకుంటే, జవాబులో ప్రశ్నను కలిపి చెప్పమనాలి.

అనుమతి కొట్టాయన ఒక్కడిదే సరిపోదు. అరువు అడిగిన మనిషి సినిమాలో ఉండటానికి ఒప్పుకుందా? పద్దు పుస్తకం దగ్గర్నుంచి తీస్తే వీధిలో ఎవరి బాకీ ఎంతో కాలేజీ మొత్తం చదువుతుంది. డాక్యుమెంటరీ దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ 1922 నాటి ‘నానూక్’ తీస్తున్నప్పుడే, అక్కడికక్కడే ఫిల్ము కడిగి, అందులో కనిపించే ఇన్యూట్లకు చూపించేవాడు. ఆ అలవాటు మనమూ చేసుకోవచ్చు. మాస్టారికి ఇచ్చేముందు కొట్టు కట్టేసే వేళకు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి ఆయనకు చూపించాలి. ఫలానా వాళ్లది తీసెయ్యమంటే, అది ఎంత మంచి షాటైనా సరే, తీసెయ్యాలి. రేపు ఆ గిరాకీ ముఖం చూడాల్సింది ఆయన.