గట్టు మీద రాసుకున్న నిజం

ఉపగ్రహ చిత్రంలో కొల్లేరు ఎక్కడుందో గుర్తుపట్టడం తేలిక. కొల్లేరులో ఏముందో చెప్పడమే కష్టం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏరులు వచ్చి కలుస్తాయి. అక్కడి నీటిని ఉప్పుటేరు సముద్రానికి చేరుస్తుంది. పైనుంచి చూస్తే సరస్సులోదీ నీరే, చేపల చెరువులోదీ నీరే. రెండూ వెలుగును దాదాపు ఒకేలా తిప్పి పంపుతాయి. గుర్రపుడెక్క కమ్మేసిన నీరైతే ఏపుగా ఎదిగిన వరిచేనులా కనిపిస్తుంది. అంకెలను మాత్రమే నమ్ముకున్న కంప్యూటర్ చేపల చెరువును సరస్సు అంటుంది, సరస్సును మాగాణి అంటుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన చోటు అది, 2002లో చిత్తడినేలల రాంసార్ జాబితాకెక్కిన చోటు. 2006లో ప్రభుత్వం అక్కడి చేపల చెరువుల గట్లు కొట్టించింది. అలాంటి చోట పటంలో గీత ఎటు పడిందన్నది ఎందరి బతుకులతోనో ముడిపడిన సంగతి.

ఆకాశం నుంచి కొలిచిన వెలుగులోంచి నేల మీది సంగతిని రాబట్టడమే పర్యావరణ రిమోట్ సెన్సింగ్. ఈ రంగంలో ఆచార్యులుగా, పరిశోధకులుగా అడుగుపెడుతున్నవాళ్లకు ఇప్పుడు మెషీన్ లెర్నింగ్ కూడా వచ్చి ఉండాలి. బయటివాళ్లకు ఇదంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనిలా కనిపిస్తుంది. నా మటుకు నాకు, ఈ విద్యలో అసలు పనితనం రెండు చోట్ల ఉంది. ఒకటి పొలం గట్టు మీద, రెండోది తన లెక్కను తానే అనుమానించే దగ్గర. మిగతాది నేర్చుకుంటే వస్తుంది.

ముందు ఆకు సంగతి. ఆకులోని పత్రహరితం ఎర్రటి కాంతిని పీల్చుకుంటుంది. మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతి మాత్రం ఆకు లోపలి కణాల మధ్య ఖాళీల్లో చెదిరి, చాలావరకు వెనక్కి వచ్చేస్తుంది. ఆకు వాడినా, తెగులు సోకినా ఈ పొందిక చెడుతుంది. పరారుణంలోంచి ఎరుపును తీసేసి, వచ్చినదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే పచ్చదనానికి ఒక సూచిక దొరుకుతుంది. ఎన్‌డీవీఐ అనే పేరుతో ఇవాళ ప్రపంచమంతా వాడుతున్నది అదే. 1970ల మొదట్లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో జాన్ రౌజ్ బృందం దాన్ని వాడుకలోకి తెచ్చింది. వాళ్ల చేతిలో ఉన్నది 1972లో ఎగిరిన తొలి ల్యాండ్‌శాట్. దాని చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద దాదాపు 80 మీటర్ల మేర.

ఆ ఉపగ్రహం ఎగరకముందే మన దేశంలో ఈ పని మొదలైంది. సి.వి. రామన్ శిష్యుడు, వాతావరణ శాస్త్రవేత్త పి.ఆర్. పిషారోటి 1970లో కేరళ కొబ్బరితోటల మీదుగా హెలికాప్టర్ తిప్పించి, పరారుణ ఫిల్ము మీద ఫొటోలు తీయించారు. వేరు వడలు తెగులు అక్కడి తోటలను తినేస్తున్న కాలం అది. తెగులు పట్టిన చెట్టు ఫిల్ము మీద మరో రంగులో పడింది. భారతీయ రిమోట్ సెన్సింగ్‌కు పితామహుడిగా ఆయనను చెప్పుకోవడానికి ఈ ప్రయోగం ఒక ముఖ్య కారణం. అయితే ఏ చెట్టుకు తెగులుందో నేల మీద చూసి చెప్పేవాళ్లు లేకపోతే ఫిల్ము మీది రంగుకు అర్థమే ఉండదు. ఈ విద్యకు పునాది అప్పుడే పడింది, ఆ పునాది మారలేదు.

అంతకు నాలుగేళ్ల ముందు, 1966లో, డచ్చివాళ్ల సహకారంతో డెహ్రాడూన్‌లో విమాన ఫొటోలను చదవడం నేర్పే సంస్థ వెలిసింది. ఇవాళ్టి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ అదే. ఫొటోను చదవడానికి పాతతరం పెట్టుకున్న ఆనవాళ్లు కొన్నున్నాయి. రంగు ఛాయ, నునుపు గరుకు, ఆకారం, పరిమాణం, నీడ, అమరిక, ఉన్న చోటు, పక్కన ఏమున్నదన్న ఆరా. కొల్లేరు చిక్కు విడిపోయేది వీటితోనే. చేపల చెరువుకు గట్లు తిన్నగా ఉంటాయి, మూలలు స్పష్టంగా ఉంటాయి, పక్కనే నీళ్లు పెట్టే కాలవ ఉంటుంది. సరస్సు అంచు అలా ఉండదు, ఋతువును బట్టి జరుగుతుంది. గుర్రపుడెక్క నీటి వాలును బట్టి చోటు మారుతుంది, వరిచేను మారదు. పచ్చదనమంతా ఎర్రగా కనిపించేలా రంగులు మార్చిన చిత్రాలను గంటల తరబడి చూసి చూసి ఈ పట్టు సంపాదిస్తారు. ఈ చూపును పాతకాలపు పద్ధతి అని పక్కనపెట్టే ధోరణి ఒకటి ఉంది. అది పెద్ద నష్టమని నా నమ్మకం. ఆకారాలను, అల్లికలను పట్టుకునేలా తీర్చిన నేటి న్యూరల్ నెట్‌వర్కులు వెతికేది ఈ ఆనవాళ్లనే కదా!

తెలుగు నేలకు ఈ విద్యతో ఉన్న బంధం గట్టిది. 1974లో హైదరాబాద్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. షాద్‌నగర్‌లోని యాంటెన్నాలు ఉపగ్రహాల సమాచారాన్ని అందుకుంటాయి. 1988 మార్చి 17న మన తొలి ఇండియన్ రిమోట్ సెన్సింగ్ (ఐఆర్ఎస్) ఉపగ్రహం బైకనూర్ నుంచి ఎగిరింది. అప్పట్లో పరిశోధకుడికి చిత్రం దొరకడమే గగనం. ల్యాండ్‌శాట్ చిత్రం కావాలంటే ఒక్కోదానికి వందల డాలర్లు పెట్టాలి. 2008లో అమెరికా ఆ భాండాగారాన్ని అందరికీ ఉచితం చేసింది. 2015లో యూరప్ సెంటినెల్-2 ఎగిరింది. దానిలో 13 కాంతి పట్టీలు (బ్యాండ్లు), కొన్నింటిలో 10 మీటర్ల వివరం, అదీ ఉచితమే. కరువుదీరా చిత్రాలు వచ్చిపడ్డాయి. మనిషి కన్ను ఒక్కొక్కటే చదివే రోజులు పోయాయి. యంత్రం రాక తప్పలేదు.

ఆ యంత్రాల్లో ఈ రంగంవాళ్లు ఎక్కువగా నమ్ముకున్నది రాండమ్ ఫారెస్ట్. 2001లో లియో బ్రైమన్ ప్రతిపాదించిన పద్ధతి అది. తెలిసిన ఉదాహరణల నుంచి వందల నిర్ణయవృక్షాలను తయారుచేస్తారు. ఒక్కోదానికి ఉదాహరణల్లో ఒక భాగమే చూపిస్తారు, అందులో ప్రతి చీలిక దగ్గర కొన్ని లక్షణాలే ఇస్తారు. తెలియని చుక్క వచ్చినప్పుడు అన్నీ ఓటేస్తాయి, ఎక్కువ ఓట్లు పడ్డదే జవాబు. మరి ఆ తెలిసిన ఉదాహరణలు ఎక్కడివి? ఎవరో వెళ్లి చూసొచ్చినవి.

ఆ వెళ్లి చూడటం గురించి పరిశోధన పత్రాల్లో తరచు ఒక పేరాతో సరిపెడతారు. ఆ పని అంత చిన్నది కాదు. జీపీఎస్ పట్టుకుని గట్టు మీద నిలబడి చుక్క గుర్తిస్తే, 10 మీటర్ల పిక్సెల్‌లో సగం గట్టు, సగం చేను వస్తాయి. చేను మధ్యలోకి దిగాలి. తారురోడ్డు పక్క పొలాలతోనే సరిపెట్టుకుంటే యంత్రానికి రోడ్డు పక్క వ్యవసాయమే తెలుస్తుంది. ఉపగ్రహం దాటిన వారానికి, మనం వెళ్లిన వారానికి మధ్య కోతలైపోతే రాసుకున్నదంతా వృథా. రైతును అడగాలి. ‘ఊడ్పులు ఎప్పుడయ్యాయండీ? దాళ్వాకి ఏం వేస్తారు?’ అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులో, ఏ తేదీ చిత్రంలో ఏం కనిపించాలన్నది తెలిసిపోతుంది.

వానాకాలపు సార్వాలో ఇంకో చిక్కుంది. ఊడ్పుల రోజుల్లో ఆకాశమంతా మబ్బు, మామూలు కెమెరా ఉపగ్రహానికి నేల కనిపించదు. అప్పుడు రాడార్ ఆదుకుంటుంది. మన రీశాట్-1 2012లో, యూరప్ సెంటినెల్-1 2014లో ఎగిరాయి. రాడార్ తరంగం మబ్బులోంచి దూరి వస్తుంది. దమ్ము చేసి నీళ్లు నిలిపిన మడి అద్దంలా ఉంటుంది కాబట్టి తరంగాన్ని అవతలికి జార్చేస్తుంది, చిత్రంలో నల్లగా పడుతుంది. నారు నాటుకుని, దుబ్బు కట్టి, పైకి లేచేకొద్దీ తరంగం మొక్కలకు తగిలి వెనక్కి వస్తుంది, చేను క్రమంగా తెల్లబడుతుంది. ఆ నలుపు తెలుపుల క్రమమే వరికి గుర్తు. చేపల చెరువు ఏడాది పొడుగునా నల్లగానే ఉంటుంది. ఒక్క చిత్రం చెప్పలేనిది వరస చిత్రాలు చెబుతాయి.

ఇక రెండో పనితనం, లెక్కను అనుమానించడం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కుండ ఒక్కటే అయినప్పుడు ఆ మాట నిజం. పక్క కుండ సంగతి ఈ మెతుకు చెప్పదు. మెషీన్ లెర్నింగ్ పటాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఒకే పొలంలోని చుక్కల్లో కొన్ని యంత్రానికి నేర్పడానికి, కొన్ని పరీక్ష పెట్టడానికి వాడతారు. పక్కపక్క చుక్కలు ఎలాగూ ఒకేలా ఉంటాయి కాబట్టి మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి. 2020లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో మధ్య ఆఫ్రికా అడవుల మీద ఒక అధ్యయనం వచ్చింది. మామూలు పరీక్షలో ఆ పరిశోధకుల నమూనా (మోడల్) అడవి జీవద్రవ్యరాశి హెచ్చుతగ్గుల్లో సగానికి పైగా సరిగ్గా చెప్పినట్టు కనిపించింది. నేర్పిన చోటికి దూరంగా ఉన్న చోట్ల పరీక్షిస్తే ఆ సామర్థ్యం దాదాపు సున్నా. తమ పద్ధతినే నిలబెట్టి పరీక్షించి, ఫలితం దాచకుండా చెప్పడం గొప్ప శాస్త్రమని నేనంటాను.

మొత్తం ఖచ్చితత్వం అనే ఒక్క అంకె కూడా మోసగిస్తుంది. వంద పొలాల్లో అయిదు మునిగాయనుకుందాం. ఏ పొలమూ మునగలేదని చెప్పే పటానికి కూడా 95 శాతం ఖచ్చితత్వం వస్తుంది! అందుకే మునిగినవాటిలో ఎన్నింటిని వదిలేశాం, మునగనివాటిని ఎన్నింటిని కలిపేశాం అని విడివిడిగా చెప్పాలి. పంటల బీమాలో దిగుబడి అంచనాకు ఉపగ్రహ సమాచారం వాడుతున్న రోజులివి. పటం వదిలేసిన ఆ పొలం ఒక కౌలురైతుది కావచ్చు. అడవుల లెక్కకూ ఇంతే జాగ్రత్త కావాలి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నిర్వచనంలో హెక్టారుకు తగ్గని జాగాలో చెట్ల గొడుగు 10 శాతం ఉంటే చాలు, యజమాని ఎవరైనా, చెట్టు ఏదైనా అది అటవీ విస్తీర్ణమే. మామిడితోట కూడా ఆ లెక్కలోకి రావచ్చు. పటం తప్పు చెప్పలేదు, అడిగిన ప్రశ్నకే జవాబిచ్చింది. ఏ ప్రశ్న అడిగారో విప్పి చెప్పడం పరిశోధకుడి బాధ్యత.

ఈ రంగంలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు పేరు కొత్త అల్గారిథమ్‌తో వస్తుంది. రెండు సీజన్లు ఎండలో తిరిగి సేకరించిన పొలాల వివరాలకు రాదు. అది అన్యాయం, పైగా శాస్త్రానికి చేటు. అల్గారిథమ్ కొన్నేళ్లకు పాతబడుతుంది. ఫలానా తేదీన ఫలానా చేనులో ఏముందో నమ్మకంగా రాసిన వివరం పాతబడదు. మళ్లీ వెనక్కి వెళ్లి దాన్ని సేకరించలేం కూడా. ఆ వివరాలను రైతుల గోప్యతకు భంగం కలగకుండా అందరికీ ఇచ్చేవాళ్లను పత్రం రాసినవాళ్లతో సమానంగా గౌరవించాలి.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఇస్రో, నాసా కలిసి కట్టిన నైసార్ ఎగిరింది. రెండు రకాల రాడార్లతో 12 రోజులకోసారి దాదాపు భూమినంతా చూసే ఉపగ్రహం అది. అది దాటే రోజుల్లో గోదావరి డెల్టాలో, కొల్లేటి లంకల్లో, పాలమూరు మెట్టల్లో ఎవరైనా చేలోకి దిగి పైరు ఎత్తు, నీటి లోతు, మట్టి తడి కొలిచి రాస్తే, ఆ చిత్రాలు తెలుగు నేల గురించి తెలుగు నేల చెప్పిన సాక్ష్యంతో మాట్లాడతాయి. మన విశ్వవిద్యాలయాల్లోని జియో ఇంజనీరింగ్, భూగోళ, వ్యవసాయ శాఖలకు విద్యార్థులున్నారు, చుట్టూ పొలాలున్నాయి. ఏటా ఒకే చోట్లకు వెళ్లి కొలిచే శాశ్వత పరిశీలన క్షేత్రాలు జిల్లాకొకటి పెట్టి, ఆ పనికి మార్కులు, జీతం, పదోన్నతిలో విలువ ఇవ్వడం ఇప్పుడే మొదలుకావాలి.