వల్లంకి తాళం: విన్నవాళ్ళ మాట, వాడ అడిగే ప్రశ్న

గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’ 2019లో వచ్చింది. 2021 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దానికే దక్కింది. ఈ రెంటి నడుమ, 2020 నవంబర్‌లో, ఆయన గవర్నర్ కోటాలో శాసనమండలి సభ్యుడయ్యాడు. మూడు సంగతులు ఒకదానికొకటి అంటుకొని ఉండటంతో పాట గురించి జరగాల్సిన చర్చ పదవి గురించిన చర్చగా మారిపోయింది. పాటను విన్నవాళ్ళు ఏమన్నారు, ఎందుకన్నారు అనేది పక్కకు పోయింది. మేం ఇక్కడ ఆ మాటలనే ముందుకు తెచ్చుకుంటున్నాం.

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మాకు మూడు రకాల స్పందనలు వినబడుతున్నాయి. మొదటిది ఉద్యమాల్లో పనిచేసినవాళ్ళది. “పాట మెత్తబడ్డది. పల్లె కన్నీరు పాడినోడు ఇప్పుడు పిట్టల గురించి, చెట్ల గురించి పాడుతుండు. తత్వంల పడ్డడు” అంటున్నారు. రెండోది సాహిత్య సభలది. వాళ్ళకు ఇది కులాలకు అతీతమైన స్వచ్ఛమైన ప్రకృతి కవిత్వం. పాటకు చివరికి పెద్దరికం వచ్చిందని వాళ్ళ సంతోషం. మూడోది వాడలో వినేవాళ్ళది. “మన వాగును పాడిండు, మంచిగనే ఉంది. మరి వాగు పొంటి ఉన్న మన సంగతేంది?” అని వాళ్ళు అడుగుతున్నారు.

మొదటి రెండు స్పందనలు పైకి ఎదురెదురుగా కనిపిస్తాయి. ఒకరు తిడుతున్నారు, ఒకరు మెచ్చుకుంటున్నారు. లోపల మాత్రం ఇద్దరిదీ ఒకే నమ్మకం: తత్వం, ప్రకృతి అంటే పోరాటం నుంచి పక్కకు జరగడమే. ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి.

వెంకన్న ఇంతకుముందటి సంపుటాల్లో ఒకదాని పేరు ‘ఏకునాదం మోత’, ఇంకొకదాని పేరు ‘రేల పూతలు’. ఒకటి ఒంటి తీగ మీద తత్వం పాడేవాళ్ళ చేతివాద్యాన్ని గుర్తుకు తెస్తుంది, ఇంకొకటి అడవి చెట్టు పువ్వు. అంటే ఈ రెండూ ఆయన పాటలో మొదటి నుంచీ ఉన్నవే. సభల్లో మనం విన్నది, క్యాసెట్లలో మనం కొనుక్కున్నది మాత్రం ఒక్క పాయనే. మిగతాది మన చెవికి ఎక్కలేదు. పాటగాడు మారిండా, మనం సగమే విన్నమా అనే ప్రశ్న వేసుకోకుండా ‘మెత్తబడ్డది’ అనడం సరికాదు. 2017లో గద్దర్ గుళ్లకు వెళ్ళినప్పుడు కూడా ఇట్లాంటి మాటలే వినిపించాయి. గుడికి పోవడమూ తత్వం పాడటమూ ఒకటి కాదు. రెంటినీ ఒకే గంపలో వేసి తూచడం మనకు అలవాటయింది.

ఈ రెండు జిల్లాల మెట్టనేలలో తత్వం ఎవరిది? నల్లగొండ జిల్లా చింతపల్లికి చెందిన దున్న ఇద్దాసును (1811–1919) తొలి దళిత కవిగా మన పరిశోధకులు నిలబెట్టారు. మాదిగ వాడ నుంచి వచ్చిన మనిషి గురువుగా కూర్చొని, పైకులాల వాళ్ళను కూడా శిష్యులుగా చేసుకోగలిగింది తత్వం ద్వారానే. బడి లేదు, గుడి లేదు, రాతపత్రం లేదు. తంబుర, చిడతలు, నోటికొచ్చిన పదం ఉన్నాయి. అంటు-ముట్టు అనేది అబద్ధమని రాత్రి భజనలో పదిమంది నడుమ పాడగలగడం ఆ కాలంలో చిన్న విషయం కాదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి పెట్టినప్పుడు మాట జనంలోకి పోవడానికి హరికథలను, భజనలను వాడుకున్నాడు. అందుకని తత్వాన్ని ‘వెనక్కి పోవడం’గా చూసేవాళ్ళు మన చరిత్రలోని ఒక పెద్ద భాగాన్ని తమ చేతులతోనే అవతలి వాళ్ళకు అప్పగిస్తున్నారని మేం భావిస్తున్నాం. మనం వదిలేసిన తత్వం ఖాళీగా ఉండదు. దాన్ని ఎత్తుకపోయి గుడి మైకులో పెట్టేవాళ్ళు తయారుగా ఉన్నారు.

ఇక ప్రకృతి సంగతి. వెంకన్నది ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం. ఆ ప్రాంతంలో పారే దుందుభి నల్లగొండ జిల్లాలో దిండి ప్రాజెక్టును నింపి కృష్ణలో కలుస్తుంది. పక్కనే నల్లమల. ‘వల్లంకి తాళం’ వచ్చిన 2019లోనే అమ్రాబాద్ అడవిలో యురేనియం తవ్వకాలు వద్దని జనం రోడ్డెక్కారు. సెప్టెంబర్ 16న రాష్ట్ర శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అడవి పోతే ముందు పోయేది చెంచుల బతుకు. వాగులో ఇసుక పోతే ముందు ఎండేది చెలిమె. ఇట్లాంటి చోట పిట్టను, చెట్టును, వాగును పేరు పెట్టి పాడటం తీరిక ఉన్నవాళ్ళ ముచ్చట అనడానికి వీల్లేదు. సాహిత్య సభలు ‘స్వచ్ఛమైన ప్రకృతి’ అని మెచ్చుకునేది ఈ వాగును కాదు. వాళ్ళు మెచ్చుకునేది మనుషులు లేని వాగును.

అందుకే వాడ అడిగిన మూడో ప్రశ్న మాకు అన్నిటికన్నా బరువైనదిగా కనిపిస్తుంది. ‘పల్లె కన్నీరు’ 2002లో ‘కుబుసం’ సినిమాలోకి వచ్చి ఇంటింటికీ చేరింది. ఆ పాటలో పల్లె ఒక్కటిగా ఏడుస్తుంది. కొలిమి, వాము, మగ్గం పాడుబడ్డ దుఃఖం అందులో ఉంది. ప్రపంచీకరణ ఏం చేసిందో అంత సూటిగా చెప్పిన పాట ఇంకొకటి లేదంటే అతిశయోక్తి కాదు. అయితే 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లెను పొగిడేవాళ్ళను ఎదిరించి, అది సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయమని చెప్పి ఉన్నాడు. పల్లె ఒక్కటి కాదు, ఊరు వేరు, వాడ వేరు. ఊరు ఏడ్చినప్పుడు వాడ కూడా ఏడ్చింది నిజమే. ఊరు నవ్వినప్పుడు వాడ నవ్విందా?

నీళ్ళకు కూడా ఇదే వర్తిస్తుంది. చెరువు తూము దగ్గర నిలబడి పొలాలకు నీళ్ళు పారించిన నీరటి వాడ మనిషి. మోటకు తోలు తొండం కుట్టిచ్చింది మాదిగ. ఆ తొండంతో తోడిన నీళ్ళు పొలానికి అంటు కాలేదు, ఆ చెయ్యి మాత్రం ఊరి మంచినీళ్ళ బాయికి అంటయింది. 1927లో మహద్ చెరువు దగ్గర అంబేద్కర్ నీళ్ళు ముట్టి అడిగిన ప్రశ్న మన ప్రతి ఊరి బాయి దగ్గరా ఉండె. వాగును పాడేవాళ్ళు ఈ లెక్కను కూడా పాడాలి. ‘వల్లంకి తాళం’లో వాగు సొంపు, పిట్ట పలుకు ఎంత గట్టిగా వినబడ్డాయో, నీరటి అడుగుల చప్పుడు అంత వినబడలేదని మా అభిప్రాయం. ఇది పాట మెత్తబడ్డదనే ఫిర్యాదు కాదు. ఏ కళ్ళతో పిట్టను అంత దగ్గరగా చూశాడో, అవే కళ్ళతో రేవును కూడా చూడమని అడగటం.

పదవి లెక్క వేరే ఉంది. మండలిలో కూర్చున్నవాళ్ళు వాడ గురించి ఏం మాట్లాడారో సభ రికార్డుల్లో ఉంటుంది. దాన్ని తెరిచి అడగొచ్చు, అడగాలి కూడా. కానీ 2020లో వచ్చిన పదవిని పట్టుకొని 2019 పాటకు తీర్పు చెప్పడం విమర్శ అనిపించుకోదు. అట్లాగే అవార్డు వచ్చింది గదా అని పాటను ప్రశ్నించకుండా దండేసి కూర్చోబెట్టడం కూడా గౌరవం కాదు.

దళిత పాటగాడు ఎప్పుడూ ఏడుస్తూనో, కొట్లాడుతూనో ఉండాలని ఎవరు నిర్ణయించారు? పువ్వును చూసి సంబరపడే హక్కు వాడకు లేదా? ఉందని మేం గట్టిగా అంటాం. ఆ సంబరం మన చోటు నుంచి, వాగు ఒడ్డున మనల్ని నిలబెట్టిన చోటు నుంచి పుట్టాలని కూడా అంతే గట్టిగా అంటాం. మిత్రులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ ఊళ్ళలో ఈ పాటలను వాడకట్టులో కూర్చొని మళ్ళీ వినాలి. పుస్తకం చదివినవాళ్ళ మాటతో పాటు కలుపు తీసి వచ్చినవాళ్ళ మాట కూడా రాసుకొని రావాలి. చర్చ అక్కడి నుంచే ముందుకు సాగుతుంది.