చిక్కుప్రశ్నల జట్టు ఎక్కడ మాట్లాడుకోవాలి?

రాయపూర్ ఎన్.ఐ.టి.లో చదివే నలుగురు విద్యార్థులు ఒక పజిల్ పోటీకి జట్టు కట్టారనుకోండి. ఎన్.ఐ.టి.లలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి, మిగతా సగం బయటివారికి. కాబట్టి వీరిలో ఒకరిది బిలాస్‌పూర్, ఒకరిది రాయపూరే, మూడోవారిది గుంటూరు, నాలుగోవారిది వరంగల్ కావచ్చు. సెలవులివ్వగానే ఎవరి ఊరికి వారు. పోటీ మాత్రం సెలవుల్లోనే! ఇక వారు చేసే మొదటి పని వాట్సాప్‌లో గ్రూపు తెరవడం. ఎందుకదే అని అడిగితే "అందరి ఫోన్లలోనూ ఉంది కదా" అంటారు. కారణం మంచిదే. కాని పెళ్ళి పిలుపులకు సరిపోయే సాధనం పజిల్ విప్పడానికీ సరిపోతుందా?

పజిల్ జట్టులో నిజంగా జరిగే పని ఏమిటో ముందు చూద్దాం. చేతిలో ఒక రహస్యలిపి ఉంది. అక్షరాలను మూడేసి స్థానాలు ముందుకు జరిపి చూశాను, అర్థం రాలేదని ఒకరు రాత్రి పది గంటలకు రాశారు. మరొకరు తెల్లవారుజామున లేచి అదే లిపి ముందు కూర్చున్నారు. రాత్రి రాసిన ఆ ఒక్క వాక్యం వారి కంట పడితే రెండు గంటల శ్రమ మిగులుతుంది. పడకపోతే అక్షరాలను మళ్ళీ మూడేసి స్థానాలు జరుపుతూ కూర్చుంటారు. కాబట్టి సాధనాన్ని కొలవవలసింది సందేశం ఎంత వేగంగా చేరిందన్న దానితో కాదు. ఫలించని ప్రయత్నం కూడా ఆలస్యంగా వచ్చినవారికి దొరుకుతుందా అన్నదే అసలు పరీక్ష.

ఈ పరీక్షలో వాట్సాప్ గట్టెక్కదు. 2009లో పుట్టిన ఈ సాధనంలో 2016 నుంచి సందేశాలన్నీ పంపినవారూ అందుకున్నవారూ తప్ప ఇతరులు చదవలేని సంకేతరూపంలో వెళ్తున్నాయి. అది మెచ్చుకోదగిన విషయమే. కాని గ్రూపులో సంభాషణంతా ఒకే ప్రవాహం. మూడు పజిళ్ళు ఒకేసారి నడిస్తే మూడింటి మాటలూ ఒకే తాడుగా పెనవేసుకుంటాయి. మధ్యలో శుభోదయం బొమ్మలు సరేసరి. ఆలస్యంగా చేరినవారికి పాత సంభాషణ మొత్తం కనిపించదు. పజిల్‌కో గ్రూపు తెరవవచ్చు కదా అంటారా? ముప్పై పజిళ్ళకు ముప్పై గ్రూపులు తెరిచే ఓపిక ఎవరికుంటుంది!

టెలిగ్రామ్ కొంత నయం. అనుమతిస్తే కొత్తవారూ పాత మాటలు చదవగలరు. విషయాలవారీగా గ్రూపును విడదీసే వీలు 2022లో వచ్చింది. స్లాక్‌లో విభజన ఇంకా చక్కగా ఉంటుంది. అయితే డబ్బు కట్టనివారికి 2022 సెప్టెంబరు నుంచి చివరి 90 రోజుల సందేశాలే కనిపిస్తున్నాయి. వారాంతపు పోటీకి ఫరవాలేదు, ఏడాది పట్టే సమస్యకు పనికిరాదు.

ఏడాదులు పట్టే పజిళ్ళు ఉంటాయా అని సందేహించకండి. ట్యూరింగ్ యంత్రం అంటే కొన్ని నియమాల ప్రకారం పొడవాటి పట్టీ మీద 0, 1 అంకెలు రాస్తూ చెరుపుతూ నడిచే ఊహా యంత్రం. ఖాళీ పట్టీతో మొదలై ఎప్పటికైనా ఆగిపోయే ఐదు స్థితుల యంత్రాలన్నిటిలో ఎక్కువ అడుగులు వేసేది ఏది? ఈ తరహా ప్రశ్నను 1962లో టిబోర్ రాడో అనే గణితజ్ఞుడు వేశాడు. 4,71,76,870 అడుగుల తరువాత ఆగే యంత్రాన్ని 1989లో మార్క్సెన్, బుంట్రాక్ అనే ఇద్దరు కనుగొన్నారు. దాన్ని మించినది లేదని మాత్రం ఎవరూ నిరూపించలేకపోయారు. 2022లో దీనికోసం ఒక జట్టు ఏర్పడింది. వేర్వేరు దేశాలవారు, చాలామంది ఆచార్యులు కూడా కారు. వారు కలిసి మాట్లాడుకున్నది డిస్కార్డ్‌లో, అంటే 2015లో కంప్యూటర్ ఆటగాళ్ళ కోసం తయారైన సాధనంలో! కంప్యూటర్ సరిచూసిన నిరూపణ 2024లో పూర్తయింది. మించినది లేదని తేలిపోయింది.

ఇది డిస్కార్డ్ గొప్పతనమేనా? కొంతవరకే అని నా అభిప్రాయం. అక్కడ మాటల గదులు, పాత సందేశాలు ఉచితంగానే దొరుకుతాయి. కాని సంభాషణ ఏరులా పారుతూనే ఉంటుంది. తేలిన విషయాలను ఆ జట్టు విడిగా మరోచోట క్రమంగా రాసిపెట్టుకుంది. మీ జట్టులో ఆ పని చేసేవారున్నారా?

జూలిప్ అనే సాధనం ఆ క్రమాన్ని ముందే అడుగుతుంది. ఇది 2012లో మొదలై, 2015 నుంచి ఎవరైనా వాడుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా ఉంది. ఇందులో ప్రతి సంభాషణకూ ఒక శీర్షిక ఉంటుంది. గవర్స్, గ్రీన్, మానర్స్, టావ్ అనే గణితజ్ఞుల నిరూపణ ఒకదాన్ని 2023 చివర కంప్యూటర్‌తో సరిచూసిన జట్టు జూలిప్‌లోనే పనులు పంచుకుంది. మూడు వారాల్లో ముగించింది. 2024లో టావ్ 4,694 సమీకరణాలిచ్చి ఏది దేని నుంచి వస్తుందో తేల్చమన్నాడు. అంటే 2,20,28,942 ప్రశ్నలు! వాటినీ అక్కడే పంచుకున్నారు. లోపాలు లేవా? ఉన్నాయి. మొదటి వారం శీర్షికలు పెట్టడం విసుగనిపిస్తుంది. పైగా ఇది ఎవరి ఫోన్‌లోనూ ముందే ఉండదు. ఉచిత ఖాతాలో 10,000 సందేశాల వరకే వెతకవచ్చు. నలుగురి జట్టుకు అది చాలా కాలమే వస్తుంది. నా ఓటు దీనికే.

అయితే ఏ సాధనమూ తీర్చని చిక్కు ఒకటి మన దగ్గరే ఉంది. గుంటూరు, వరంగల్ మిత్రులు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. "చూడు" అన్న మాటను ఒకరు రెండు ‘ఓ’లతో, మరొకరు ఒక్క ‘యు’తో రాస్తారు. ఆ రెండూ ఒకే మాటని వెతికే ప్రోగ్రాముకు తెలియదు. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. ఆ లిపిలో రాస్తే మాట దొరుకుతుంది. కాని బిలాస్‌పూర్ మిత్రుడు చదవలేడు! కబుర్లు ఎలా రాసుకున్నా, చేసి చూసిన ప్రయత్నాలను మాత్రం నలుగురికీ వచ్చిన హిందీలోనో ఇంగ్లీషులోనో, దాని సొంత లిపిలోనే రాయాలి.

సాధనం మార్చే ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. మూడు నెలల కిందట మీ గ్రూపులో ఎవరో చెప్పిన, ఫలించని ఉపాయం ఒకదాన్ని గుర్తు తెచ్చుకొని, గడియారం పక్కన పెట్టుకొని దాన్ని వెతకండి.