వాహకానికీ బంధకానికీ నడుమ: స్థిరవిద్యుత్ నియంత్రణలో లోహపు ఉపరితలం – విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:
పదార్థాలను వాహకాలు, బంధకాలు అని రెండుగా విభజించడం విద్యుత్ బోధనలో తొలిపాఠం. లోహం వాహకం కనుక, లోహయంత్రాన్ని భూమికి కలిపితే స్థిరవిద్యుత్ సమస్య తీరినట్లేనన్న భావన ఈ విభజన నుండే పుట్టింది. ఎలక్ట్రానిక్ పరికరాల తయారీరంగం ఈ భావనను రెండు వైపుల నుండీ ఖండిస్తోంది.

పరిశీలన:
తేలికదనం వలన యంత్రభాగాలకు అల్యూమినియంను ఎన్నుకొంటారు. అరుగుదలను తట్టుకొనేందుకు దానికి హార్డ్ అనోడైజింగ్ చేస్తారు. అప్పుడు లోహంపై సాధారణంగా 25 నుండి 50 మైక్రాన్ల మందంలో ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొర బంధకం. లోపలి లోహం భూమితో కలిసి ఉన్నా, రాపిడివల్ల పైతలాన చేరిన ఆవేశానికి దిగిపోయే దారి ఉండదు. చూపుకు లోహం, గుణానికి పింగాణీ. భూమికి కలిపే తీగను సైతం పొరను గీకి బిగించకపోతే ఆ సంధానం నామమాత్రమే.

అలాగని పూర్తి వాహకతే పరిష్కారం కాదు. ఎలక్ట్రోలెస్ నికెల్ పూతపై ఆవేశం నిలవదు, నిజమే. కాని అప్పటికే ఆవేశం పొందిన చిప్ ఆ తలాన్ని తాకితే, దానిలోని ఆవేశమంతా నానోసెకను వ్యవధిలో దూకి సూక్ష్మవలయాలను కాల్చివేయగలదు. ఇక్కడ దోషం ఆవేశం పోవడంలో లేదు, పోయే వేగంలో ఉంది. సుమారు 3000 వోల్టుల లోపు ఉత్సర్గాన్ని మనిషి చేయి పసిగట్టలేదు. 100 వోల్టులకే దెబ్బతినే భాగాలు పరిశ్రమలో ఉన్నాయి. కనుక ఈ నష్టం కంటికీ చేతికీ అందదు.

అందుకే పదివేల ఓమ్‌ల నుండి పదివేల కోట్ల ఓమ్‌ల వరకు నిరోధం గల మధ్యశ్రేణి తలాలకు ప్రాధాన్యం లభించింది. ఇవి ఆవేశాన్ని నిలవనీయవు, దూకనీయవు, మెల్లగా జారవిడుస్తాయి. అయితే ఈ మార్గమూ విమర్శకు అతీతం కాదు. పూత అరిగినా, మురికి పట్టినా, గాలిలో తేమ మారినా నిరోధం మారవచ్చు. యంత్రాన్ని నెలకొల్పిన నాటి కొలతనే శాశ్వత యోగ్యతాపత్రంగా భావించడం తొలి భావన వంటి పొరపాటే.

ముగింపు:
‘స్థిరవిద్యుత్’ అన్న పేరే పాక్షికసత్యం. అది స్థిరంగా ఉన్నప్పటికంటె కదిలినప్పుడే ప్రత్యక్షంగా హాని చేస్తుంది. వాహక–బంధక ద్వంద్వంతోనే పాఠం ముగిస్తే, విద్యార్థికి ఈ మధ్యశ్రేణి అపవాదంగా తోస్తుంది. ‘మందవాహకం’ వంటి మాటతో దానికొక స్థానం కల్పించి, నిరోధంతోపాటు కాలాన్నీ బోధించినప్పుడే లోహపు పైతలం లోహం కాకపోవచ్చునన్న ఎరుక తరగతి గదిలోనే కలుగుతుంది.