తెలుగు క్రైస్తవ పరిభాష: పాపము, విశ్వాసము, రక్షణ

కర్నూలునుండి నంద్యాలకు పోవు బాటలోని ఓర్వకల్లు ప్రాంతమున, వానలేక ఎండిన చేనిగట్టున కూలబడిన రైతును చూచినవారు 'అయ్యో పాపము' అందురు. ఆ పల్లెలలోనే ప్రార్థనామందిరమున బోధకుడు అందఱును పాపులే యని చెప్పును. మొదటి మాట జాలిని తెలుపును; రెండవది దోషమును తెలుపును. ఒకే శబ్దము ఇట్లు రెండు దారుల నడచుటకు కారణమేమో విచారింపదగియున్నది.

మన సాహిత్యచరిత్రలు క్రైస్తవ వాఙ్మయమును గూర్చి చెప్పునది స్వల్పము. చెప్పినచోటను, దాని పరిభాష సంస్కృతపదములకు పరాయి యర్థమును బలిమిని అంటించిన కూర్పని తేల్చివేయుట తఱచు. ఈ యభిప్రాయము సగము మాత్రమే సత్యము. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనరీ సంఘమువారు క్రాను, డే గ్రాంజి అనువారలు సువార్తల తెనిగింపునకు పూనగా, ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడ్పడెను. 1822లో ఆ సంఘము కడపలోను నెలకొనెను. పరిభాషను ఏర్పఱచినవారు చదువరులు. దానిని నిత్యవ్యవహారమున నిలిపినవారిలో పెక్కుమంది చదువునకు దూరముగ ఉంచబడిన మాల మాదిగలు. కావున ఆ మాటల యర్థమును నిఘంటువులలోనే గాక, పలికినవారి బ్రతుకులోను వెదకవలెను.

పాపమను అర్థమున గ్రీకు మూలమున తఱచుగ వాడబడిన 'హమార్తియా' అను పదమునకు గురి తప్పుట యని ధాత్వర్థము. తెలుగున పాపము కర్మసిద్ధాంతముతో ముడిపడిన మాట. 'ఏ జన్మలో చేసిన పాపమో' యను నానుడి కష్టమునకు పూర్వదోషమును హేతువుగ చూపును; జాలియు దోషమును ఒకే మాటలో కలియుటకు ఇదియే కారణమని నా తలంపు. అంటరాని పుట్టుకకును లోకము ఈ హేతువునే చెప్పెను. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయమున పుట్టుగ్రుడ్డివానిని గూర్చి శిష్యులును ఇట్టి ప్రశ్ననే అడుగగా, వాని పాపముగాని తల్లిదండ్రుల పాపముగాని దానికి హేతువు కాదని యేసు చెప్పెను. రోమీయులకు వ్రాసిన లేఖలో పౌలు, భేదము లేక అందఱును పాపము చేసిరనెను. ఇది మనుష్యుని క్రుంగదీయు సిద్ధాంతమని ఆక్షేపించువారు కలరు. కాని, నీ పుట్టుకయే పాపఫలమని తరతరములుగ విన్నవానికి, కరణమును రెడ్డియు తనతో సమముగ పాపులేయని వినుట క్రుంగుబాటు కాదు, తల యెత్తుట. ఆదిపాపమును పుట్టుకతో వచ్చునదే కదా యని శంకింపవచ్చును. నిజమే, కాని అది మనుష్యజాతి కంతటికి ఒక్కటే, కులమునకొక పాలు లేదు.

విశ్వాసమను మాటకు మన వ్యవహారమున చక్కని తావు 'ఉప్పు తిన్న విశ్వాసము'. గ్రీకు 'పిస్తిస్' నమ్మికను, నమ్మదగినతనమును రెంటిని తెలుపును. తెలుగు మాటయు అంతే. అంతేకాక, మన నానుడిలో ఉప్పు ముందు, విశ్వాసము వెనుక. కృప ముందనియు, విశ్వాసము దానిని అందుకొను చేయి యనియు చెప్పు క్రైస్తవబోధకు ఈ క్రమము అనుకూలము. ఇందొక ప్రమాదమును కలదు. జీతగాని విశ్వాసము యజమానునికి తీర్చవలసిన ఋణము. కృప యట్లు ఋణమైనచో కృప కాజాలదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మత్తయి ఋణములు అనినచోట లూకా పాపములు అనుట ఇచట స్మరింపదగును. అప్పుతో జీతగాండ్రు కట్టుబడిన సీమలో, ఋణము కొట్టివేయబడెనను వార్త అలంకారము మాత్రమే కాదు.

అనువాదకులు మోక్షమును విడిచి రక్షణను ప్రధానముగ గ్రహించుట వివేకము. మోక్షము జన్మపరంపరనుండి విడుదల. రక్షణ ఆపదనుండి విడుదల. 1876–78 కఱవున కర్నూలు మండలము ఘోరముగ నష్టపడెను. ఆ కాలపు మతాంతరములను కొందఱు గంజికొఱకని కొట్టివేయుదురు. ఒంగోలున క్లౌ దొర ఈ శంకకే వెఱచి, బకింగుహాము కాలువపనిలో కఱవు జనులకు కూలి కల్పించియు, చాలకాలము బాప్తిస్మము నిలిపివేసెను. పిమ్మట 1878 జులై 3న ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆయన జాగ్రత్త మెచ్చదగినది. అయినను, దేహరక్షణ వేఱు, ఆత్మరక్షణ వేఱు అను విభాగము మూలమున అంత స్పష్టము కాదు. మార్కు ఐదవ అధ్యాయమున రోగియగు స్త్రీతోను, లూకా ఏడవ అధ్యాయమున పాపాత్మురాలితోను యేసు పలికిన గ్రీకు క్రియ ఒక్కటే. తెలుగున మొదటిచోట స్వస్థపఱచుట, రెండవచోట రక్షించుట అయినది. అనువాదము సుబోధమైనది, మూలమునందలి ఏకత్వము మాత్రము మఱుగుపడినది.

ఈ మాటలు వాగ్దానము చేసిన సమత్వమును సంఘము నిలుపుకొన్నదా? క్రైస్తవులలోను మాల మాదిగ భేదము తొలగలేదు. క్రైస్తవకుటుంబమున జన్మించిన జాషువకు అంటరానితనపు అవమానము తప్పలేదు. ఆయన 'క్రీస్తుచరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. షెడ్యూల్డు కులములను గూర్చిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, క్రైస్తవుడైనవానిని ఆ పట్టికకు వెలిగ ఉంచెను. ఊరు మాత్రము వానిని వెలివాడలోనే ఉంచెను. అట్టివానికి రక్షణ యను మాట ఏ యర్థమున సత్యమో వేదాంతులేగాక భాషాపరిశోధకులును విచారింపవలెను. అచ్చుపుస్తకములతో తృప్తిపడక, మెట్టపల్లెల ప్రార్థనలలో ఈ మాటలు ఎట్లు పలుకబడుచున్నవో వ్రాసికొనుటతో ఆ పని ఆరంభము కావలెను.